ఫ్లూ జ్వరమునకు మందుల వేట

చలి మొదలగును. ఒళ్ళంతయు విరిచినట్లు నొప్పి. తల ఎత్తలేనంత బరువు. సాయంకాలమగుసరికి జ్వరము నూట రెండు, నూట మూడు డిగ్రీలు. ఇంటిలో ఒకరు మంచము పట్టిన మూడవ నాటికి మరి ఇద్దరు వారి ప్రక్కన చేరుదురు. మిరియాల కషాయము, పసుపు వేసిన ఆవిరి, వేడి గంజి, దుప్పటి. మన యిండ్లలో తరతరములుగా జరుగుచున్న చికిత్స ఇదియే. పడిసెము మందు వేసికొన్నచో వారము దినములు, వేసికొననిచో ఏడు దినములు అని హాస్యమాడుట కూడ మనకు అలవాటే.

సామాన్యమైన జలుబు విషయమున ఆ హాస్యములో కొంత నిజము కలదు. కాని ఇన్‌ఫ్లుయెంజా, అనగా మనము ఫ్లూ అని పిలుచుకొను జ్వరము, జలుబు కాదు. ప్రపంచారోగ్య సంస్థ అంచనా ననుసరించి ఏటేట సుమారు వంద కోట్ల మందికి ఫ్లూ సోకుచున్నది. వారిలో 30 నుండి 50 లక్షల మందికి వ్యాధి తీవ్రమగుచున్నది. 2,90,000 నుండి 6,50,000 మంది వరకు శ్వాసకోశ బాధలచే మరణించుచున్నారు. 1918లో వచ్చిన మహమ్మారి మన దేశమొక్కదానియందే కోటి మందికి పైగా బలిగొన్నదని చరిత్రకారుల అంచనా.

'న్యుమోనియాకు మందున్నది, టైఫాయిడుకు మందున్నది, క్షయకు సైతము మందున్నది. ఫ్లూకు మాత్రము ఇప్పటికిని కషాయమేనా?' ఇది ఎవరికైనను తోచు ప్రశ్న. మందులు లేకపోలేదు. గడచిన అరువది యేండ్లలో ముఖ్యముగా మూడు జాతుల మందులు దొరకినవి. వానిలో ఒకటి నేడు ఫ్లూ విషయమున దాదాపు నిరుపయోగమైనది. మిగిలిన రెండును కొంత మేలు చేయుచున్నవి గాని, అవి ఎంత కాలము పనిచేయునో ఎవరును పూచీపడజాలరు. అందుచేత క్రొత్త మందుల వేట ఆగలేదు. ఈ వేట యెందుకింత కష్టమైనదో, అందులో మన పాత్ర యేమో చెప్పుటకే ఈ ప్రసంగము.

మొదట శత్రువెవరో తెలియవలెను. 1892లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫైఫర్ ఈ రోగుల గొంతులలో ఒక బాక్టీరియాను కనుగొని, రోగకారణము అదియేనని ప్రకటించెను. నలుబది యేండ్ల పాటు లోకము ఇంచుమించుగా ఆ మాటనే నమ్మినది. 1933లో లండనులో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు శాస్త్రజ్ఞులు రోగి గొంతు కడిగిన నీటిని బాక్టీరియాలు దాటిపోలేని వడపోత గుండా పంపి, ఫెరెట్ అను జంతువుల ముక్కులలో వేసిరి. ఫెరెట్ మన ముంగిసను పోలియుండును. వడపోసిన నీటితోనే వానికి జ్వరమును తుమ్ములును వచ్చినవి. ఆ పిమ్మట ఒక ఫెరెట్ విల్సన్ స్మిత్ ముఖము మీదనే తుమ్మెను. ఆయనకు ఫ్లూ వచ్చినది. ఆయన గొంతు నుండి తీసిన వైరసు ఆయన పేరి మొదటి అక్షరములతోనే ప్రయోగశాలలలో ప్రసిద్ధమైనది. అసలు దోషి బాక్టీరియా కాదని ఆ విధముగా తేలినది.

బాక్టీరియాకును వైరసుకును గల భేదమే మన కథకు కీలకము. బాక్టీరియా చిన్నదైనను స్వతంత్ర జీవి. దానికి తన గోడ, తన వంటయిల్లు, తన పనిముట్లు వేరుగా కలవు. పెన్సిలిన్ వంటి మందు ఆ గోడను కూల్చును. అట్టి గోడ మన శరీర కణములకు లేదు గనుక మనకు హాని లేదు. వైరసు అట్లు కాదు. అది పరుల యింటిలో దూరి, వారి పొయ్యి మీదనే వండుకొను దొంగ వంటిది. దొంగకు వంట కుదరకుండ చేయుటకు పొయ్యి పగులగొట్టినచో పస్తుండునది ఇంటివారే. మన కణములను చంపు విషమేదైనను వైరసును కూడ అణచును. కాని దానిని మందు అనరాదు. కావున శాస్త్రజ్ఞుడు వెదకవలసినది వైరసును చంపు పదార్థమును మాత్రమే కాదు. దొంగ తనతో తెచ్చుకొన్న పనిముట్టేదో పోల్చుకొని, ఇంటి సామానును తాకకుండ ఆ పనిముట్టును మాత్రమే విరిచివేయు పదార్థమును వెదకవలెను. ఫ్లూ మందుల చరిత్ర యంతయు ఈ ఒక్క వాక్యమున ఇమిడియున్నది.

ఆ దొంగ తెచ్చుకొను సంచి మిక్కిలి చిన్నది. ఫ్లూ వైరసు వ్యాసము సుమారుగా మిల్లీమీటరులో పదివేల వంతు. దాని లోపల ఆర్.ఎన్.ఎ. అను పదార్థముతో చేయబడిన ఎనిమిది తునకలు కలవు. దాని వంశలక్షణములన్నియు ఆ తునకలలోనే లిఖింపబడియున్నవి. పైపొర మీద రెండు రకముల ముండ్లు కలవు. ఒకటి హీమాగ్లుటినిన్. అది మన శ్వాసనాళపు కణములను పట్టుకొను కొక్కెము. రెండవది న్యూరామినిడేజ్. ఇది కత్తెర వంటి ఎంజైము. ఈ రెంటి మొదటి అక్షరములను బట్టియే హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అను పేర్లు ఏర్పడినవి.

వైరసు కొక్కెముతో కణమును పట్టుకొని లోనికి పోవును. అచ్చట ఒక సంచిలో చిక్కుకొనును. ఆ సంచిలోని ఆమ్లత ఎమ్2 అను సన్నని కాలువ గుండా వైరసు గర్భమున ప్రవేశించినప్పుడే దాని మూట విప్పబడును. ఎనిమిది తునకలును కణకేంద్రమునకు చేరును. అచ్చట వైరసు తన సొంత యంత్రముతో నకళ్ళు వ్రాయించుకొనును. క్రొత్త వైరసులు కణపు పైపొరకు చేరి వెలువడబోవునప్పుడు, వానిని అంటిపెట్టుకొనియుండు బంధమును కత్తెర ఎంజైము కోసివేయును. ప్రవేశము, నకలు, నిష్క్రమణము అను మూడు ఘట్టములలో మూడు పనిముట్లు ఉన్నవి. మందుల వేట ఈ మూడు చోట్లనే జరిగినది.

మొదటి విజయము ప్రవేశద్వారము వద్ద లభించినది. 1957లో ఆసియా ఫ్లూ అను మహమ్మారి తూర్పున బయలుదేరినది. ఆ మే నెల మధ్యలో సింగపూరు నుండి వచ్చిన ఓడతో అది మద్రాసు రేవున దిగి దేశమంతటను ప్రాకెను. 1958 ఆరంభము వరకు మన దేశమున నమోదైన రోగులే 40 లక్షలకు పైబడిరి. అప్పటికి వైద్యుల చేత ఫ్లూ వైరసును అణచు మందు ఒక్కటియు లేదు. ఆ తరువాత అమెరికాలో వేలకొలది రసాయనములను ఒక్కొక్కటిగా పరీక్షించుచుండగా అమాంటడీన్ అను పదార్థము బయటపడినది. 1964లో దాని గుణములు ప్రకటింపబడినవి. 1966లో ఆ దేశ ప్రభుత్వము దానిని ఫ్లూ నివారణకు అనుమతించినది.

చిత్రమేమనగా, ఆ మందు పనిచేయు విధము ఆనాడు ఎవరికిని తెలియదు. ఎమ్2 కాలువలో బిరడా వలె ఇరుకుకొని వైరసు మూట విప్పబడకుండ చేయుచున్నదని స్పష్టముగా తేలుసరికి ఇరువది యేండ్లకు పైగా గడచినవి. ఇంకొక విశేషము కూడ కలదు. 1968లో ఫ్లూ రాకుండుటకై ఈ మందు వాడిన ఒక స్త్రీకి, ఎప్పటినుండియో బాధించుచున్న పార్కిన్సన్ వణుకు రోగము తగ్గుముఖము పట్టెను. నాటినుండి అమాంటడీన్ ఆ రోగమునకును మందైనది. నేటికిని ఆ పనికి ఉపయోగపడుచున్నది.

కాని అది ఫ్లూను జయింపలేకపోయినది. నకళ్ళు వ్రాయు వైరసు యంత్రము తొందరపాటు గల లేఖకుని వంటిది. వ్రాసినదానిని సరిచూచుకొనదు. అందుచేత ప్రతి తరమునను తప్పులు దొరలును. ఆ తప్పులలో అధిక భాగము వైరసునకే చేటు. కాని ఎప్పుడో ఒక తప్పు దానికి వరమగును. ఎమ్2 కాలువలో ముప్పది యొకటవ స్థానమున గల ఒక్క అంగము మారినచో చాలును, అమాంటడీన్ బిరడా ఇక అచ్చట ఇమడదు. 2005-06 శీతకాలమున అమెరికాలో పరీక్షించిన హెచ్3ఎన్2 వైరసులలో నూటికి తొంబదికి పైగా ఈ మార్పు గలవియే. 2006 జనవరిలో ఆ దేశ ఆరోగ్యాధికారులు దానిని ఫ్లూకు వాడవద్దని వైద్యులకు సూచించిరి. నలుబది యేండ్ల మందు ఆ విధముగా ఫ్లూ రంగము నుండి తప్పుకొనెను.

రెండవ విజయము నిష్క్రమణద్వారము వద్దది. ఇది అదృష్టము మీద గాక ఆలోచన మీద ఆధారపడి వచ్చినది. 1983లో ఆస్ట్రేలియాలో పీటర్ కోల్మన్, జోసెఫ్ వర్ఘీస్, గ్రేమ్ లేవర్ అను శాస్త్రజ్ఞులు న్యూరామినిడేజ్ ఎంజైమును స్ఫటికములుగా చేసి, ఎక్స్-కిరణములతో దాని ఆకృతిని గుర్తించిరి. తలుపు తాళము లోపలి నిర్మాణమును ముందుగా పటము గీచుకొనినట్లైనది. ఆ కత్తెర యొక్క వెలుపలి భాగములు జాతి జాతికి మారుచున్నను, లోపల కోయు భాగము మాత్రము అన్ని ఫ్లూ జాతులలో ఒక్క తీరుననే ఉన్నదని వారు గమనించిరి. మారినచో కత్తెర తెగదు గనుక అది మారలేదు. ఆ పటమును ముందుంచుకొని మార్క్ ఫాన్ ఇట్‌జ్‌స్టైన్ బృందము ఆ గుంటలో సరిగా అమరు అణువును నిర్మించినది. అదియే జానమివిర్. 1999లో అది వాడుకలోనికి వచ్చినది. కాని దానిని పొడి రూపమున పీల్చవలెను. ఉబ్బసము గలవారికి అది తగదు.

అదే సంవత్సరమున మ్రింగదగిన మందు ఒసెల్టామివిర్ వచ్చినది. దాని తయారీకి మూలద్రవ్యమైన షికిమిక్ ఆమ్లమును ఎచ్చట నుండి తీసిరో మన గృహిణులు ఊహింపజాలరు. బిరియానిలో వేయు అనాసపువ్వు నుండి! దక్షిణ చైనా, వియత్నాం కొండలలో పండు ఆ పువ్వునకు 2005లో పక్షిఫ్లూ భయము ముదిరినప్పుడు ప్రపంచమంతటను గిరాకి పెరిగెను. అంత మాత్రమున అనాసపువ్వు కషాయముతో ఫ్లూ తగ్గునని భ్రమపడరాదు. ఆ ఆమ్లము అనేక రసాయనిక దశలు దాటిన పిమ్మటనే మందగును. నేడు ఆ ఆమ్లమును పులియబెట్టు పద్ధతిలో బాక్టీరియాల చేత కూడ తయారుచేయించుచున్నారు. ఈ కథలో తెలుగునాటికి సైతము చోటు కలదు. 2005 డిసెంబరులో హైదరాబాదు నందలి హెటెరో సంస్థ ఈ మందును తయారుచేయుటకు అనుమతి పొందినది. 2009 మే నెలలో క్రొత్త హెచ్1ఎన్1 వైరసు సోకిన మొదటి రోగిని మన దేశమున గుర్తించినదియు హైదరాబాదుననే. ఆ ఏడు జూన్ 11న ప్రపంచారోగ్య సంస్థ దానిని మహమ్మారిగా ప్రకటించినది. మన దేశమున తయారైన టీకా అందుసరికి 2010 వచ్చినది. టీకా లేని ఆ నెలలలో వైద్యుల చేతిలోనున్న ఆయుధము ఈ గొట్టపు మాత్ర యొక్కటియే. క్రొత్త మందుల వేట ఎందుకని అడుగువారికి ఇంతకు మించిన సమాధానము లేదు. మహమ్మారి వచ్చిన నాటికిని టీకా సిద్ధమగు నాటికిని నడుమ గల కొన్ని మాసములను దాటించు తెప్ప మందు మాత్రమే.

ఆ తెప్పకును చిల్లులు పడగలవు. 2007-08 శీతకాలమున నార్వేలో ఒసెల్టామివిర్‌కు లొంగని హెచ్1ఎన్1 వైరసు విరివిగా కనబడెను. మరుసటి యేటికి అనేక దేశములలో ఆ జాతి దాదాపుగా మందునకు లొంగనిదైనది. మందు వాడని వారిలో కూడ అది వ్యాపించుట శాస్త్రజ్ఞులను కలవరపెట్టినది. 2009లో వచ్చిన క్రొత్త వైరసు పాతదానిని తరిమివేసినది. అది మందునకు లొంగునదగుటచే ఆపద తప్పినది. అది మన ప్రజ్ఞ కాదు, అదృష్టము.

ఇంకొక నిజము కూడ దాచరాదు. ఈ మందు జ్వరమును మంత్రించినట్లు తీసివేయదు. 2014లో ప్రకటింపబడిన ఒక సమగ్ర పరిశీలనలో, పెద్దవారికి బాధ తగ్గు కాలము 7 దినముల నుండి 6.3 దినములకు, అనగా సుమారు 17 గంటలు మాత్రమే తగ్గినట్లు తేలెను. ఆరోగ్యవంతునికి ఇది స్వల్పము. ప్రమాదస్థితిలోనున్న రోగికి వైద్యులు దీనినే ఆశ్రయించుచున్నారనిన, మంచి మందు కొరకు వేట ఏల సాగుచున్నదో తెలియుచున్నది గదా.

మూడవ విజయము నకళ్ళు వ్రాయు చోటిది. మన కణములలో ప్రతి సందేశపు చీటికిని మొదట ఒక టోపీ వంటి గుర్తు ఉండును. ఆ గుర్తు లేని చీటిని కణము చదువదు. ఫ్లూ వైరసునకు అట్టి టోపీ చేయు నేర్పు లేదు. కావున అది మన చీటీల టోపీలను కత్తిరించి తన చీటీలకు తగిలించుకొనును. ఈ దొంగతనమును 1970 దశకము చివర అమెరికాలో రాబర్ట్ క్రగ్ బృందము బయటపెట్టినది. టోపీ కోయు పనిముట్టు మన కణములలో లేదు. అది వైరసు సొంతము. వేటగానికి కావలసినది అట్టిదే గదా! జపాను దేశపు షియొనోగి సంస్థ ఆ కోతను ఆపు బలాక్సవిర్ అను మందును రూపొందించినది. 2018లో అది జపానులోను అమెరికాలోను అనుమతి పొందినది. అయిదు దినములు పూటపూటకు మ్రింగ నక్కరలేదు. ఒక్క మోతాదు చాలును.

దాని పరీక్షలో ఉత్తుత్తి మాత్ర వేసికొన్నవారి బాధ 80 గంటలకు తగ్గగా, ఈ మందు వేసికొన్నవారికి 54 గంటలకు తగ్గెను. 2025లో ప్రకటింపబడిన మరియొక పరీక్ష కుటుంబములకు ముఖ్యమైనది. రోగి ఉత్తుత్తి మాత్ర వేసికొన్న యిండ్లలో తక్కినవారిలో నూటికి 13.4 మందికి ఫ్లూ అంటుకొనగా, రోగి బలాక్సవిర్ వేసికొన్న యిండ్లలో 9.5 మందికే అంటుకొన్నది. అనగా మందు రోగిని మాత్రమే గాక ఇంటివారిని కూడ కొంతవరకు కాపాడగలదన్నమాట. కాని దీనికిని చిక్కు లేకపోలేదు. మొదటి పరీక్షలలోనే మందు వేసికొన్న పెద్దవారిలో నూటికి ఇంచుమించు పదిమందిలో, మందు లొంగదీయలేని మార్పు వైరసున పొడచూపినది.

మరి క్రొత్త మందును వెదకుట ఎట్లు? ప్రయోగశాలలో జీవకణములను పలుచని పొరగా పెంచుదురు. వానికి ఫ్లూ వైరసు సోకించి, వేలకొలది రసాయనములను కొద్ది కొద్దిగా చేర్చి చూతురు. కణములు బ్రతికి వైరసు అణగినచో ఆ పదార్థమును ప్రక్కకు తీయుదురు. వైరసును ఆపు మోతాదునకును, కణమునకు హాని చేయు మోతాదునకును నడుమ ఎంత దూరమున్నదో కొలుతురు. ఆ దూరము తక్కువైన పదార్థము అచ్చటనే ఆగిపోవును. తరువాత ఎలుకలు, ఫెరెట్లు. ఆ తరువాత మనుష్యులు. మనుష్యులపై పరీక్ష అన్నిటికంటె కష్టము. ఫ్లూ చాలమందికి దానంతట అదే తగ్గును గనుక, తగ్గించినది మందో కాలమో తేల్చుటకు వందలమంది రోగులు కావలెను. వారు జ్వరము వచ్చిన రెండు దినములలో రావలెను. టోపీ దొంగతనపు యంత్రమునే మరియొక ప్రక్క నుండి పట్టుకొను పిమోడివిర్ అను మందు ఎంతో ఆశ చూపి, వాడుకలోనున్న చికిత్సకంటె అదనపు మేలు కనబడనందున 2020లో ఆగిపోయినది. జపానులో 2014లో అనుమతి పొందిన ఫావిపిరవిర్ జంతువులలో గర్భస్థ శిశువులకు హాని చేసినందున, ఇతర మందులకు లొంగని క్రొత్త ఫ్లూ వచ్చినప్పుడు మాత్రమే వాడవలెనని నిబంధన పెట్టిరి. వేటలో రిక్తహస్తములతో మరలిన దినములే ఎక్కువ.

ఇప్పటి ప్రయత్నములు మూడు త్రోవల నడచుచున్నవి. మొదటిది, రెండు మందులను జతచేయుట. ఒకేసారి రెండు తాళములను మార్చుకొనుట వైరసునకు దుర్లభము. క్షయ చికిత్సలో మూడు, నాలుగు మందులు కలిపి ఇచ్చుటలో గల రహస్యమిదియే. రెండవది, కొక్కెము యొక్క తల తరచు మారుచున్నను కాడ అంతగా మారదు గనుక, ఆ కాడను పట్టుకొను ప్రతిరక్షకములను ప్రయోగశాలలో తయారుచేయుట. మూడవది, వైరసు ఆధారపడు మన కణపు సహాయములలో కొన్నాళ్ళు లేకున్నను మనకు నష్టము లేనివానిని ఎన్ని, వానిని తాత్కాలికముగా ఆపుట. పొయ్యి పగులగొట్టక, రెండు దినములు మంట తగ్గించుట వంటిది ఇది. ఇందులో వైరసు తప్పించుకొనుట కష్టము. కాని ఇంటివారికి హాని కలుగకుండ చూచుట అంతకంటె కష్టము.

ఈ వేటలో శాస్త్రజ్ఞులకే గాక మనకును పని కలదు. ఉన్న మందులను చెడగొట్టుకొనకుండుట మన వంతు. ఫ్లూ జ్వరమునకు యాంటీబయాటిక్ మాత్రలు పనిచేయవు. పిమ్మట బాక్టీరియా వలన న్యుమోనియా వచ్చినదని వైద్యుడు నిర్ణయించినప్పుడే వాని అవసరము. ఫ్లూ మందులను కూడ వైద్యుని సలహా లేక అంగడిలో కొని తెచ్చుకొనరాదు. వ్రాసియిచ్చిన దినములు పూర్తియగు వరకు మానరాదు. కాలవిలంబమును చేయరాదు. వైరసు సంఖ్య మొదటి రెండు మూడు దినములలోనే మితిమీరి పెరుగును గనుక, లక్షణములు కనబడిన 48 గంటలలోపల మొదలుపెట్టిన మందే ఎక్కువ మేలు చేయును. వృద్ధులకు, గర్భిణులకు, పసిబిడ్డలకు, ఉబ్బసము, మధుమేహము, గుండెజబ్బు గలవారికి జ్వరముతోపాటు ఆయాసము గాని, మగతగాని తోచినచో, రేపు చూతమని ఊరకుండరాదు. పిల్లలకు ఫ్లూలో ఆస్పిరిన్ ఈయరాదు. ఏటేట టీకా వేయించుకొనుట అన్నిటికంటె ముందు జాగ్రత్త.

మిరియాల కషాయమును మేము కాదనుట లేదు. అది గొంతునకు హాయి, మనసునకు ధైర్యము. కాని గొంతు హాయి వేరు, వైరసును ఆపుట వేరు. వైరసును ఆపు మందులు మూడు తరముల శ్రమతో వేళ్ళ మీద లెక్కింపదగినన్నియే చిక్కినవి. వానిలో ఒకటి ఇప్పటికే చేజారినది. నాలుగవది వచ్చు వరకు ఉన్నవానిని పదిలముగా వాడుకొనుట మన యింటిలోని ముసలివారికి, పసివారికి మనము చేయదగిన ఉపకారము.